చల్లదనం ఒకరిది, సెగ ఇంకొకరిది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది పెద్దల మాట. ఇప్పుడు ఎండ రోహిణి దాకా ఆగడం లేదు; మార్చి నెలాఖరుకే ఏసీ మెకానిక్‌లకు క్షణం తీరిక దొరకడం లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ అపార్ట్‌మెంట్ సందులోకి వెళ్లినా, గోడ పొడవునా బిగించిన అవుట్‌డోర్ యూనిట్లు వేడి గాలిని బయటికి చిమ్ముతుంటాయి. ఆ గాలికి ఎదురుగానే ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ మనిషి, నిప్పులు నింపిన ఇస్త్రీపెట్టెతో లోపలివాళ్ల చొక్కాలు రుద్దుతుంటాడు. వాతావరణ మార్పునకు బాధ్యులెవరన్న చర్చను ఆ సందులోనే మొదలుపెట్టడం మేలు.

గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో ప్రధాని ప్రతిపాదించి, 2022 అక్టోబరులో గుజరాత్‌లోని కేవడియాలో లాంఛనంగా ప్రారంభించిన 'మిషన్ లైఫ్' పర్యావరణ హితమైన జీవనశైలిని అలవరచుకోవాలని పౌరులను కోరుతోంది. అవసరం లేని లైటు ఆర్పమనడాన్నీ, నీళ్లు వృథా చేయొద్దనడాన్నీ ఎవరూ తప్పుపట్టరు. తిరకాసంతా 'మనమందరం' అన్న మాటలోనే ఉంది. సగటు భారతీయుడి వంతు కార్బన్ డయాక్సైడ్ ఏటా దాదాపు 2 టన్నులైతే, సగటు అమెరికన్ వంతు 14 టన్నుల పైమాటే. అంతర్జాతీయ వేదికలపై ఢిల్లీ ఈ లెక్కను గట్టిగా వినిపిస్తుంది, అందులో న్యాయమూ ఉంది. అదే న్యాయం దేశం లోపలికి వచ్చేసరికి నోరు మెదపదు. జూబ్లీహిల్స్ బంగళాను, అందులో పనిచేసే ఆమె ఉండే రేకుల ఇంటిని కలిపి భాగిస్తే వచ్చేదే ఆ సగటు. కూలరు కూడా కొనలేని ఇంటికి పొదుపు పాఠం చెప్పడం పస్తున్నవాడికి పథ్యం చెప్పడం లాంటిది.

ఎవరి ఉద్గారాలు వారే లెక్కించుకోవాలన్న ఆలోచనను లోకమంతటా ప్రచారంలోకి తెచ్చినవాటిలో ఒక చమురు కంపెనీయే ముందుంది. బీపీ సంస్థ 2004లో 'కార్బన్ ఫుట్‌ప్రింట్' కాలిక్యులేటర్‌ను జనం ముందుంచింది. తవ్వి అమ్మేవాడి మీద పడాల్సిన చూపు కొని కాల్చేవాడి మీదికి మళ్లింది. అయితే ఆ ఎత్తుగడను సాకుగా చూపి స్థితిమంతులైన మనవాళ్లు చేతులు దులుపుకొంటామంటే కుదరదు. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు పది యూనిట్లు కాలుతుంది. మన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తున్నందువల్ల, ఆ ఒక్క రాత్రికి ఆ ఒక్క గది నుంచి గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఏడు కిలోల దాకా ఉంటుంది. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) ఏళ్లుగా చెబుతూనే ఉంది. అయినా రిమోట్ మీద 18 నొక్కి, ఆపైన రగ్గు కప్పుకొని పడుకోవడం ఇళ్లలో మామూలైపోయింది. ఫంక్షన్ హాళ్ల సంగతి మరీ విడ్డూరం. నడి వేసవి ముహూర్తానికి పెళ్లికొడుకు కోటు వేసుకోవాలి, ఆ కోటులో చెమట పట్టకుండా వెయ్యిమంది కూర్చునే హాలంతా చల్లబరచాలి. చివరి బంతిలో కూర్చున్న ముసలమ్మ చలికి కొంగు భుజాల నిండా కప్పుకొంటుంది.

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాల వారే. కూలి పనికి వెళ్లక తప్పనివారు, ఇంటి వేడినుంచి తప్పించుకునే దారిలేని వృద్ధులు ఆ ఎండకు బలయ్యారు.

ఏసీ వద్దనే హక్కు ఎవరికీ లేదు. 44 డిగ్రీల ఎండలో అది విలాసమని కొట్టిపారేయలేం. ఎంత చల్లదనం అవసరమో, ఎంత ఆడంబరమో తేల్చే పనిని మాత్రం రిమోట్ పట్టుకున్నవాడి మనస్సాక్షికే వదిలేయకూడదని మా అభిప్రాయం. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉన్నా, ఆ తర్వాత తగ్గించుకోవడానికి అడ్డేమీ లేకపోయింది. 20 డిగ్రీల కన్నా తగ్గించే వీలులేకుండా చేస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి 2025 జూన్‌లో ప్రకటించారు. ఆ పరిమితి ముందుగా మాల్స్‌లో, ఫంక్షన్ హాళ్లలో, ప్రభుత్వ కార్యాలయాల్లో కచ్చితంగా అమలు కావాలి.

తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు ఎండను తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసి, అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికమని వదిలేసింది. రేకుల కింద ఉడికిపోయే కుటుంబం సొంత డబ్బుతో తెల్ల పూత వేయించుకోవడం జరిగే పని కాదు. భారీ కరెంటు వాడకంపై అదనపు రుసుం వేసి, ఆ సొమ్ముతో బస్తీల్లో ఆ పూత వేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పని జరగాలి. వానలు వెనకపట్టాక, ఎండలు ముదరకముందు దీనికి దొరికేది నాలుగు నెలలే. టెండర్లు దసరాకే పిలవాలి.