ఇంటిపేరు పైన్, మారుపేరు చక్కెర

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నవాడు వృక్షశాస్త్రం చదివుంటే కస్తూరివారిని వదిలేసి పైన్ వారిని పట్టుకునేవాడు. పైన్ అనేది ఇప్పుడు చెట్టు పేరు కాదు, ఎవరు పడితే వారు తగిలించుకునే బిరుదు. చక్కెర సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. పైన్ వంశంలో పుట్టనివాళ్లంతా ఆ ఇంటిపేరు మాకూ కావాలంటారు. చక్కెర వంశంలో పుట్టినవాళ్లంతా ఆ ఇంటిపేరు మాకొద్దు, ఇంకేదైనా రాసుకోండి అంటారు. ఇంత పెద్ద వలస కళ్లముందే జరుగుతున్నా మేధావులు నోరు మెదపడం లేదు కాబట్టి ఈ వ్యాసం రాయక తప్పింది కాదు.

ముందు పైన్ వారు. పైనస్ ప్రజాతిలో సుమారు 110 నుంచి 120 జాతులున్నాయి. అసలు వారసులు వీళ్లే. ఇక దత్తత కాగితాలు కూడా లేకుండా ఇంట్లో దూరినవాళ్లను చూడండి. నార్‌ఫోక్ ఐలాండ్ పైన్ అని కుండీలో కులుకుతున్నది ఆరకేరియా. దూరపు చుట్టం అంటే ఒప్పుకోవచ్చు, అన్నదమ్ముడంటే ఒప్పుకోలేం. గ్రౌండ్ పైన్ అనేది గింజ కూడా కట్టని లైకోపోడియం, బీజాంశాలతో బతుకుతుంది. స్క్రూ పైన్ అనగానే మరలు బిగించిన మహావృక్షం ఏదో కళ్లముందు నిలుస్తుంది. తీరా చూస్తే అది మొగలి! ఆకులు మెలితిరిగిన మెట్లలా పేర్చుకున్న పాపానికి ఇంగ్లీషువాడు దాన్ని పైన్ వారింటికి తోలేశాడు. పైనాపిల్ అయితే పైనూ కాదు, ఆపిలూ కాదు. ఒకప్పుడు ఇంగ్లీషులో ఆ మాటకు పైన్ కాయ అనే అర్థం. ఆ పోలిక చూసి పండుకు పెట్టారు, తర్వాత పండే పేరును సొంతం చేసుకుని కాయను గెంటేసింది. అనాస అని ఊరుకున్న తెలుగుకు ఈ నేరంలో భాగం లేదు.

అలాగని మనమేం తక్కువ తినలేదు. సంస్కృతంలో సరళ వృక్షం అంటే పైన్, హిమాలయాల్లో పెరిగే చిర్ పైన్. దేవదారు అంటే సీడార్, వేరే ప్రజాతి. అయినా ఏ అనువాదంలోనైనా పైన్ అడవి ఎదురైతే చాలు, కలం దానంతటదే దేవదారు వనం అని రాసేస్తుంది. సరళ అన్న మాట మరీ సరళంగా ఉందని కాబోలు.

ఇంటిపేరు నమ్మలేనప్పుడు చెయ్యాల్సిన పని ఒక్కటే, ఒంటిమీద పుట్టుమచ్చలు చూడడం. పైన్‌కు ఆ గుర్తు సూది మొదట్లో ఉంటుంది. అసలు పైన్ సూదులు కొమ్మకు ఒంటరిగా అతుక్కోవు. రెండో మూడో అయిదో కలిసి ఒకే కుదురు నుంచి వస్తాయి, కుదురు చుట్టూ కాగితంలాంటి పలచని తొడుగు ఉంటుంది. చిర్ పైన్‌కు మూడు, స్కాట్స్ పైన్‌కు రెండు, హిమాలయాల బ్లూ పైన్‌కు అయిదు. ఒక గుత్తిలోని సూదులన్నీ దగ్గరికి నొక్కి చూడండి, అతుకు తెలియకుండా కలిసి ఒక గుండ్రటి పుల్ల అవుతాయి. రెండు సూదులదైతే ఒక్కోటి అరచందమామ, అయిదు సూదులదైతే ఒక్కోటి నిమ్మతొనలా కోసుగా ఉంటుంది. లెక్కలో పొరపాటు ఎక్కడ వస్తుందంటే, నేలమీద రాలిన గుత్తి ఏరుకుని లెక్కపెట్టడంలో. అందులో ఒకటి రెండు అప్పటికే ఊడిపోయి ఉంటాయి. కొమ్మమీదివే పది గుత్తులు చూడాలి. అయిదు సూదుల జాతుల్లో తొడుగు త్వరగా రాలిపోతుంది, అది లేదని చెట్టును వెలివెయ్యకూడదు. మోనోఫిల్లా అనే జాతికి మాత్రం గుత్తికి ఒకటే సూది. ప్రతి వంశంలోనూ ఒక బ్రహ్మచారి ఉంటాడు.

స్ప్రూస్, ఫర్ చెట్ల సూదులు ఒక్కొక్కటిగా కొమ్మకు నేరుగా అంటుకుని ఉంటాయి. వేళ్లమధ్య దొర్లిస్తే స్ప్రూస్ సూది నాలుగు పలకలతో దొర్లుతుంది, ఫర్ సూది చాలావరకు చదునుగా ఉండి మొండికేస్తుంది. స్ప్రూస్ కాయలు కిందికి వేలాడి మొత్తంగా రాలతాయి. ఫర్ కాయలు కొమ్మమీద నిటారుగా కూర్చుని అక్కడే పొట్టుపొట్టుగా విడిపోతాయి. కాబట్టి నేలమీద దొరికిన నిండు కాయను చూపించి ఇది ఫర్ కాయ అని వాదించేవాడు సాధారణంగా ఓడిపోతాడు. ఆస్ట్రేలియన్ పైన్ అని చెలామణీ అయ్యే సరుగుడును పట్టుకోవడం ఇంకా తేలిక. సూదిలా కనిపించేదాన్ని రెండు కొసలా పట్టుకుని లాగండి. కణుపు కణుపుకూ ఊడి వస్తుంది. ఆ కణుపు దగ్గర కళ్లు చిట్లించి చూస్తే పిసరంత పళ్లు వరుసగా ఉంటాయి. ఆకులంటే అవే. మనం సూది అనుకున్నది కొమ్మ.

ఇప్పుడు చక్కెర వారింటికి వెళ్దాం, చెప్పులు బయట విడిచి. శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుకపలుకు. ఆయుర్వేదం మూత్రంలో పడే ఇసుకను కూడా శర్కర అనే అంది. ఆ గులకరాయే ప్రాకృతం మీదుగా మనకు చక్కెర అయింది. పారశీకం, అరబ్బీ, లాటిన్ మీదుగా దొర్లి దొర్లి ఇంగ్లీషువాడి నోట్లో షుగర్ అయింది. అక్కడినుంచి తిరిగొచ్చి తెలుగులో రోగం పేరుగా స్థిరపడింది. షుగర్ ఉందా అని వంటింట్లో అడిగితే డబ్బా చూపిస్తారు, వరండాలో అడిగితే రిపోర్టు చూపిస్తారు. రిపోర్టులో ఉండేది గ్లూకోజ్, డబ్బాలో ఉండేది సుక్రోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒక్కొక్కటి చేయి కలిపితే వచ్చే జంట అది. చెరకు నుంచి వచ్చినా, 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయనశాస్త్రవేత్త కనిపెట్టినట్టు బీట్ దుంప నుంచి వచ్చినా సుక్రోజ్ సుక్రోజే. తల్లి ఎవరో తేల్చాలంటే కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి కొలవాలి, నాలుకకు ఆ చదువు లేదు.

ఈ వంశంలోనూ దొంగ చుట్టాలున్నారు. షుగర్ సోప్ గోడలు కడిగే క్షారం, అందులో చక్కెర పలుకు ఉండదు. షుగర్ ఆఫ్ లెడ్ తియ్యగానే ఉంటుంది, కానీ అది సీసం ఎసిటేట్, విషం. అయితే ఇక్కడ పెద్ద సమస్య దూరినవాళ్లు కాదు, పేరు మార్చుకుని పారిపోయినవాళ్లు. ప్యాకెట్ వెనక దినుసుల జాబితా బరువు తగ్గే వరుసలో రాస్తారు. చక్కెర అని ఒకే పేరుతో రాస్తే అది అగ్రస్థానంలో కూర్చుని పరువు తీస్తుంది. అందుకని కొంత డెక్స్‌ట్రోజ్, కొంత ఇన్వర్ట్ సిరప్, కొంత మాల్ట్ సిరప్, కొంత పళ్లరసం గాఢద్రవం అని నలుగురికి పంచితే నలుగురూ వరుసలో కిందికి జారి, ఓట్స్ పిండి పెద్దమనిషిలా ముందుకొస్తుంది. ఉమ్మడి ఆస్తిని బినామీ పేర్లమీద పెట్టడం ఎవరు ఎవరికి నేర్పారో గానీ, పనితనంలో లోటు లేదు.

పేరు చివర ఓజ్ ఉంటే చక్కెర, ఇటాల్ ఉంటే చక్కెర ఆల్కహాల్ అని ఒక మోటు సూత్రం ఉంది. చాలావరకు పనిచేస్తుంది. సుక్రలోజ్ దగ్గర తడబడుతుంది, అది క్లోరిన్ తగిలించిన కృత్రిమ తీపి. సెల్యులోజ్ దగ్గరికి వచ్చేసరికి సూత్రం చిత్రంగా నిజమై కూర్చుంటుంది. పైన్ కర్ర బరువులో సుమారు 40 శాతం సెల్యులోజే, అంటే గ్లూకోజ్ గొలుసులే. గొలుసు కొక్కేల బంధం అన్నంలోని పిండిపదార్థంలో కంటే కొంచెం వేరుగా ఉండడం వల్ల మన కడుపు దాన్ని విప్పలేదు. పైన్ కుర్చీలో కూర్చుని చక్కెర మానేశానని ప్రకటించేవాడి కింద కిలోలకొద్దీ గ్లూకోజ్ ఉంటుంది. చెదపురుగుకు ఆ రహస్యం తెలుసు.

రకాల విషయంలో బ్రౌన్ షుగర్‌కు ఉన్నంత పుణ్యాత్ముడి పేరు ఇంకెవరికీ లేదు. మామూలుగా జరిగేదేమిటంటే, మొలాసిస్ అనే నల్లటి మడ్డి తీసేసి తెల్లగా చేసిన చక్కెరకు అదే మొలాసిస్ మళ్లీ పూస్తారు. లేత రంగుదానిలో సుమారు మూడున్నర శాతం, ముదురుదానిలో ఆరున్నర. 200 గ్రాముల తెల్ల చక్కెరలో ఒక పెద్ద చెంచా మొలాసిస్ కలిపి వేళ్లతో నలిపితే ఆ పుణ్యం ఇంట్లోనే తయారు. డబ్బా మూత వదులైతే పలుకుల మీది తడిపొర ఆరిపోయి రాయిలా గడ్డకడుతుంది, శర్కర తన పాత అర్థానికి తిరిగి వెళ్తుందన్నమాట. సుత్తి అక్కర్లేదు, ఒక బ్రెడ్ ముక్క వేసి రాత్రంతా మూసి ఉంచితే చాలు. పొడి చక్కెర ఇంకో రకం మోసగాడు. గడ్డకట్టకుండా దానిలో అయిదు శాతం దాకా పిండి కలుపుతారు. ఆ సంగతి తెలియక దానితో పాకం పెడితే పాకం మబ్బుపట్టి అడుగంటుతుంది. కప్పు కొలతలకు కప్పు కొలతలు మార్చినా దెబ్బే, పలుకు చక్కెర కప్పు 200 గ్రాములైతే పొడి చక్కెర కప్పు 120 మాత్రమే.

పైన్‌కూ చక్కెరకూ సంబంధం కుదిర్చిన వంటకం ఒకటుంది. ఇటలీ ఆల్ప్స్‌లో దాన్ని ముగోలియో అంటారు. మ్యూగో పైన్ పచ్చికాయలు కావాలి (శంకువులు అనాలి, కాయలనే అందరూ అంటారు). చాకుతో అడ్డంగా కోస్తే కసుక్కున తెగాలి; కరకరలాడిందంటే కర్ర పుట్టేసింది, ఆలస్యమైంది. కాయలకు సమానమైన బరువు చక్కెర పొరలు పొరలుగా గాజు జాడీలో వేసి నెల రోజులు ఎండలో పెట్టాలి. చక్కెర కాయల్లోని నీటిని లాగేస్తుంది. చక్కెర మీద ప్రేమ తగ్గి సగమే వేసినవాళ్ల జాడీ పులుస్తుంది, బిగించిన మూత గాలికి ఎగురుతుంది. అందుకే సమానం అన్నది, అందుకే మొదటి వారం మూత రోజూ వదులు చెయ్యాలన్నది. తర్వాత వడకట్టి 105 డిగ్రీల దగ్గర, తీగ సాగీసాగని లేతపాకంగా దించాలి. ముదిరితే జాడీలో పలుకు కడుతుంది. చేతికి అంటినది చక్కెరైతే గోరువెచ్చని నీటితో పోతుంది. పోలేదంటే అది రెసిన్, అంటే చెట్టు బంక, దానికి నూనె రాసి తుడవాలి. యూ అనే ఇంకో సూదాకుల చెట్టుది మాత్రం ఏ భాగమూ జాడీలోకి రాకూడదు. ఆకులు చదునుగా, రెసిన్ వాసన లేకుండా ఉంటాయి, విషం. ఇక పైన్ గింజల్లో ఆర్మాండీ జాతివి తిన్న కొందరికి 12 నుంచి 48 గంటల తర్వాత నోరంతా చేదెక్కి, రోజుల తరబడి ఏం తిన్నా చేదుగానే ఉంటుంది. చక్కెరకు చేదు నేర్పిన ఘనత ఆ గింజలదే.

చివరికి రెండు ఇంటిపేర్లూ ఒకేసారి పెట్టుకున్న షుగర్ పైన్ దగ్గరికి రావాలి. పైన్‌లన్నిట్లో ఎత్తైనది, కాయ అన్నిట్లో పొడవైనది, అర మీటరు దాకా పోతుంది. కాలిఫోర్నియా, ఆరెగన్ కొండల చెట్టు. 1826లో డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆరెగన్‌లో దాన్ని చేరి, కొమ్మకొసల కాయలు అందక తుపాకీతో కాల్చి మూడు రాల్చాడు. ఆ చప్పుడుకు ఎనిమిది మంది స్థానికులు ఆయుధాలతో వచ్చి పడ్డారు. డగ్లస్ ఆ చెట్టుకు లాంబర్ట్ అనే మరో వృక్షశాస్త్రజ్ఞుడి పేరు పెట్టాడు. డగ్లస్ పేరు మాత్రం డగ్లస్ ఫర్‌కు తగిలింది. అది ఫర్ కాదు. దాని శాస్త్రీయనామం సూడోట్సుగా, అంటే దొంగ హెమ్లాక్ (అదీ ఇంకో సూదాకుల చెట్టే), తోకగా మెన్జీస్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడి పేరు. ఇంటిపేర్ల శాపం మనుషులకూ తగులుతుంది.

షుగర్ పైన్‌లో పైన్ నిజం. షుగర్ మాత్రం... గొడ్డలిగాటు నుంచో నిప్పుకాలిన చోటి నుంచో చేవ లోపలి తీపి ఊరి, తెల్లగా గింజకడుతుంది. రెసిన్‌లా కాక నీళ్లలో కరుగుతుంది. అమెరికా ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ దాన్ని మేపుల్ చక్కెర కంటే గొప్ప అన్నాడు. అయితే అందులోని పేరున్న పదార్థం పినిటాల్. చివర చూశారుగా, ఓజ్ కాదు. లెక్కప్రకారం చక్కెరే కాదది.

ఈ అన్యాయాన్ని సరిదిద్దే పేరు తెలుగులో సిద్ధంగా ఉంది: పంచదార పైన్. డబ్బాలోని పంచదారలో అయిదు ఏమిటో వెతికితే దొరకదు. దార అంటే సంస్కృతంలో భార్య, అటు వెళ్తే వ్యాసం దారి తప్పుతుంది. కానీ ఈ చెట్టు గుత్తిలో లెక్కపెడితే సరిగ్గా అయిదు సూదులు. గొడ్డలిగాటులో తీపి ధార. అక్షరాలా సరిపోయింది. కాకపోతే ఆ తీపి విరేచనకారి, కొంచెమే తినాలని మ్యూరే హెచ్చరించాడు. మించితే రెండో ధార మొదలవుతుంది.