మేం చేసిన పొదుపుకు లెక్క లేదా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు సాగుచేసే మాబోటి వారికి తెల్లవారుజాము ఒక గండం. నీటిలో ప్రాణవాయువు పడిపోయే ఆ వేళ, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకూడదు కాబట్టి, కరెంటు పోయిన మరుక్షణం డీజిల్ జనరేటర్ వేయక తప్పదు. ఆ ఖర్చు భరించలేక నిరుడు అప్పుచేసి, పాత మోటార్లన్నీ తీసేసి, తక్కువ కరెంటుతో తిరిగేవి బిగించుకున్నాను. బిల్లు తగ్గింది, డీజిల్ వాడకమూ తగ్గింది. ఇలా ఆదా చేసినవారికి ప్రభుత్వం సర్టిఫికెట్లు ఇస్తుందని విని ఒక కార్యాలయానికి వెళ్తే, మూడుసార్లు తిప్పించుకుని, చివరికి అది మీకు వర్తించదన్నారు.

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2012లో మొదలైన ఆ పథకంలో, ప్రభుత్వం పెట్టిన లక్ష్యానికి మించి ఆదా చేసిన ఇంధనంలో టన్ను చమురుకు సమానమైన ప్రతి వంతుకూ ఒక సర్టిఫికెట్ ఇస్తారు. లక్ష్యం అందుకోలేనివారు వాటిని కొనుక్కోవాలి. తొలి విడతలో చేరినవి సిమెంటు, ఉక్కు, ఎరువులు, థర్మల్ విద్యుత్ వంటి రంగాల్లోని 478 భారీ పరిశ్రమలు. కాగితం మిల్లుకైతే అప్పట్లో ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన వాడకం ఉంటేనే ప్రవేశం ఉండేది. పెద్దవారిని దారిలో పెట్టడం మంచిదే, నేను కాదనను. కానీ డెల్టా అంతటా పరుచుకున్న ధాన్యం మిల్లులు, మా చెరువులు కలిసి వాడే కరెంటు మాటేమిటి? ఒక్కొక్కరిదీ చిన్నదని విడిచిపెట్టకుండా, సహకార సంఘం పేరున మా ఆదానంతా కలిపి లెక్కించే పద్ధతి ఎందుకు పెట్టరు? మీటర్లు ఉన్నాయి, పాత బిల్లులు బీరువాలో భద్రంగా ఉన్నాయి, వాటిని చూసే అధికారే మాకు కావాలి.