సంతకం చేసిన చేతులు

వచ్చే పార్లమెంటులో విశ్వవిద్యాలయ ఫీజుల పెంపును వ్యతిరేకిస్తూ ఓటు వేస్తాను, ఇంతకంటే న్యాయమైన పద్ధతి తెమ్మని ప్రభుత్వం మీద ఒత్తిడి తెస్తాను. 2010 ఎన్నికల ముందు బ్రిటన్ జాతీయ విద్యార్థి సంఘం అభ్యర్థుల ముందు పెట్టిన ప్రమాణపత్రం సారాంశం ఇంతే. వేరే అర్థం తీయడానికి అందులో సందు లేదు. లిబరల్ డెమొక్రాట్ పార్టీ తరఫున గెలిచిన 57 మందీ దాని మీద సంతకం చేసినవారే. నాయకుడు నిక్ క్లెగ్ ఆ కాగితం పట్టుకుని ఫొటో కూడా దిగారు.

ఎన్నికలైన ఏడు నెలలకే, ఆ డిసెంబరు 9న, ఇంగ్లండ్‌లో ఏడాది ఫీజు పరిమితిని 3,290 పౌండ్ల నుంచి 9,000కు పెంచే ప్రతిపాదన పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ముందుకొచ్చింది. ఆ 57 మందిలో 27 మంది దానికి అనుకూలంగా ఓటేశారు. 21 మంది సంతకానికి కట్టుబడ్డారు. మిగిలినవారు ఓటింగులో లేరు. 323–302 ఓట్లతో పెంపు గెలిచింది. ఈ అంకెలను ఒకసారి కలిపి చూడాలి. ఆ 27 మంది వ్యతిరేకంగా ఓటు వేయనక్కర్లేదు, తమ సీట్లలో ఊరికే కూర్చున్నా, మిగతా ఓట్లు అలాగే పడివుంటే ఆ ప్రతిపాదన 296–302తో వీగిపోయేది. అలా కూర్చునే వీలు వారికి ఉంది కూడా. ఎన్నికల తర్వాత ప్రభుత్వంలో చేరేటప్పుడు కన్జర్వేటివ్‌లతో కుదుర్చుకున్న సంకీర్ణ ఒప్పందంలో, ఈ విషయంలో ఓటింగుకు దూరంగా ఉండవచ్చని రాసుకున్నారు. ఆ వెసులుబాటు చేతిలో ఉండి కూడా అనుకూలంగా ఓటేశారు. అందుకే 'మాకు వేరే దారి లేదు' అన్న వాదనను మేము ఒప్పుకోలేం.

ఆ పార్టీ చెప్పుకున్న కారణాల్లో పస లేదని మేము అనడం లేదు. ఖజానా లోటు నిజంగానే పెద్దది. ఫీజుల సంగతి చూడమని అంతకుముందటి లేబర్ ప్రభుత్వం వేసిన బ్రౌన్ కమిటీ అయితే ఫీజులకు అసలు పరిమితే వద్దంది, దాన్ని 9,000 దగ్గర ఆపగలిగామని లిబరల్ డెమొక్రాట్ మంత్రులు అన్నారు. ఆనాటి పథకం ప్రకారం ఫీజు ప్రభుత్వ అప్పుగా వస్తుంది, చేరేటప్పుడు విద్యార్థి జేబులోంచి ఏమీ కట్టక్కర్లేదు. ఉద్యోగం వచ్చి ఏడాది సంపాదన 21,000 పౌండ్లు దాటాకే, దాటిన మొత్తంలో 9 శాతం చొప్పున తిరిగి కట్టాలన్నారు. 30 ఏళ్ల తర్వాత మిగిలిన అప్పు రద్దవుతుందన్నారు. పేద ఇళ్ల పిల్లలు దరఖాస్తులు మానేస్తారన్న భయం కూడా, పద్దెనిమిదేళ్లకే పూర్తికాల చదువులో చేరేవారి విషయంలో నిజం కాలేదు. పార్ట్‌టైమ్‌గా చదువుకునే పెద్ద వయసు వారి సంఖ్య మాత్రం బాగా పడిపోయింది. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ, సాయంత్రాలు క్లాసులకు వెళ్లేవారు అప్పుకు భయపడి ఆగిపోయారు. వీళ్ల గురించి ఆనాడు వీధుల్లో నినాదాలు లేవు, సభలోనూ పెద్దగా చర్చ లేదు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ నష్టమే.

ఫీజు ఎంత ఉండాలన్నదాని మీద నిజాయతీగా రెండు వైపులా వాదించవచ్చు. సంతకం సంగతి వేరు. విశ్వవిద్యాలయ ఫీజుల రద్దు ఆ పార్టీకి చాలాకాలంగా గుర్తింపు తెచ్చిన విధానం. ఖర్చు భరించలేమని 2009లోనే నాయకత్వం దాన్ని సడలించాలని చూసింది, పార్టీ లోపలి కమిటీలు ఒప్పుకోలేదు. కార్యకర్తల మాట నెగ్గింది, ఆరేళ్లలో దశలవారీగా ఫీజులు ఎత్తేస్తామని మేనిఫెస్టోలో చేరింది. అక్కడిదాకా అది ప్రజాస్వామ్యమే. ఆ తర్వాతే తప్పు జరిగింది. సంకీర్ణం వస్తే ఫీజుల విషయంలో పెద్దగా పట్టుబట్టకూడదని ఎన్నికలకు ముందే, మార్చిలోనే, పార్టీ చర్చల బృందం ఒక అంతర్గత పత్రంలో రాసుకుంది. ఆ పత్రం నవంబరులో పత్రికలకెక్కింది. అంటే లోపల ఒకటి అనుకుంటూ, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ఇంకొకటి చెప్పారు. మాట తప్పే రాజకీయాలకు ఇక స్వస్తి అని టీవీ ప్రకటనలు వేసుకున్నది కూడా ఆ ఎన్నికల్లోనే. మొదటిసారి ఓటు వేసిన పద్దెనిమిదేళ్ల పిల్లలు అదంతా నమ్మారు.

2012 సెప్టెంబరులో క్లెగ్ వీడియోలో క్షమాపణ చెప్పారు. జాగ్రత్తగా వింటే అది ఫీజులు పెంచినందుకు కాదు, నెరవేర్చగలమన్న నమ్మకం లేని హామీ ఇచ్చినందుకు. విద్యార్థులకు తగిలిన దెబ్బ ఫీజుది, క్షమాపణ మాత్రం హామీకి. 2015లో 57 సీట్లు 8కి పడిపోయాయి. ఆ ఓటమికి ఇదొక్కటే కారణం అనలేం గానీ, పార్టీ పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చింది ఆ సంతకమే. మాట నిలబెట్టుకున్నవారూ ఆ ఓటమిలో కొట్టుకుపోయారు. పెంపును వ్యతిరేకించిన కేంబ్రిడ్జి సభ్యుడు జూలియన్ హప్పర్ట్ 599 ఓట్ల తేడాతో ఓడారు. వ్యతిరేకంగానే ఓటేసిన మాజీ నాయకుడు చార్లెస్ కెనెడీ కూడా ఓడారు.

ఒక్క పార్టీనే బోనులో నిలబెట్టడం అన్యాయం అవుతుంది. 1998లో 1,000 పౌండ్లతో ఫీజులు మొదలుపెట్టింది లేబర్. 2001 మేనిఫెస్టోలో అదనపు ఫీజులు తేబోమని రాసి, 2004 జనవరిలో 3,000 పౌండ్ల దాకా వసూలు చేసే బిల్లును కీలక దశలో కేవలం 5 ఓట్ల తేడాతో గట్టెక్కించుకుంది. 2005లో ఫీజులు రద్దు చేస్తామని ఎన్నికలకు వెళ్లిన కన్జర్వేటివ్‌లే ఐదేళ్లకు వాటిని మూడింతలు చేసిన ప్రభుత్వాన్ని నడిపారు. 2020లో లేబర్ నాయకత్వ పోటీలో ఫీజుల రద్దును సమర్థించిన కీర్ స్టార్మర్ 2023లో ఆ మాట వదిలేశారు. ఆయన ప్రభుత్వమే 2025 నుంచి ఫీజును 9,535 పౌండ్లకు పెంచింది. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం రద్దు, అధికారంలోకి వస్తే పెంపు. మూడు పార్టీలదీ ఇదే నడక.

సంకీర్ణంలో మాట నిలబెట్టుకోవడం కుదరదనే వారు స్కాట్లండ్ వైపు చూడాలి. 1999లో అక్కడ లేబర్‌తో కలిసి ప్రభుత్వంలో చేరిన ఇదే లిబరల్ డెమొక్రాట్లు ఫీజుల మీద పట్టుబట్టారు. మరుసటి ఏడాది ముందస్తు ఫీజు పోయింది. దాని బదులు పట్టా తీసుకున్నాక కట్టేలా పెట్టిన రుసుమును కూడా 2008లో స్కాటిష్ నేషనల్ పార్టీ ప్రభుత్వం ఎత్తేసింది. దీనికీ ఖరీదు ఉంది. ఆ భారం బడ్జెట్ మోయాలి కాబట్టి స్కాటిష్ విద్యార్థులకిచ్చే సీట్లకు ప్రభుత్వం పరిమితి పెడుతోంది. ఆ ఖరీదును ఒప్పుకుని మరీ అక్కడి పార్టీలు ఓటర్ల ముందుకు వెళ్తున్నాయి.

ఇంగ్లండ్‌లో 2017 నుంచి ఎనిమిదేళ్లు ఫీజు 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు పెరిగి దాని విలువ కరిగిపోతుంటే ఆ లోటును విదేశీ విద్యార్థుల ఫీజులతో పూడ్చుకున్నారు. వారిలో మన దేశం నుంచి వెళ్లినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఫీజు గురించి నిజం చెప్పడానికి పార్టీలు జంకితే, ఆ బిల్లు అక్కడ ఓటు లేని ఇంకెవరి మీదో పడుతుంది.

అందుకే బ్రిటన్ పార్టీలను మేము అడిగేది రద్దా, పెంపా అని మాత్రమే కాదు. ఫీజు ఎంత, ఎంత సంపాదన నుంచి కట్టాలి, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు కట్టాలి? ఈ నాలుగు అంకెలూ, వాటికయ్యే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా మేనిఫెస్టోలో రాయాలి. పొత్తు పెట్టుకోవాల్సి వస్తే వీటిలో దేన్ని వదులుకోబోమో పోలింగుకు ముందే చెప్పాలి. 2023లో కన్జర్వేటివ్ ప్రభుత్వం కొత్తగా చేరేవారికి తిరిగి కట్టే గడువును 30 నుంచి 40 ఏళ్లకు పెంచింది, కట్టడం మొదలుపెట్టే సంపాదనను 25,000 పౌండ్లకు తగ్గించింది. ఆ శరదృతువులో మూడేళ్ల డిగ్రీలో చేరిన విద్యార్థికి వాయిదాలు 2027 ఏప్రిల్‌లో మొదలవుతాయి. తీర్చలేకపోతే మిగిలిన అప్పు రద్దయ్యేది 2067లో.