పవర్ కార్డ్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా పవర్ కార్డ్ గారూ,

గారూ అన్నానని పొంగిపోకండి. అసలు మీ పేరులోనే మోసం ఉంది. గిటారు మీద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) అనిపించుకోవాలంటే కనీసం మూడు స్వరాలుండాలని ఎవరైనా చెప్తారు. మీ దగ్గరున్నవి రెండే, స, ప. మూడోదని మీరు చూపించేది పై స్థాయి స, అంటే ఒకే మనిషి చొక్కా మార్చుకొచ్చి రెండో ఓటు వేసినట్టు!

గాంధారం ఏదండీ? మేజరో మైనరో తేల్చేది అదే కదా. పాడేవాడు అంతర గాంధారం అందుకుంటే మీరు సంతోషంగా తలూపుతారు, సాధారణ గాంధారం అందుకుంటే అంతే శ్రద్ధగా దిగులు నటిస్తారు. గోడ మీద పిల్లి అంటే మీరే.

నేను మీ దగ్గరికి చేరిందీ గౌరవంతో కాదు, ఎఫ్ కార్డ్ భయంతో. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కితే రెండు తీగలు మోగేవి, నాలుగు దగ్గేవి. మీరేమో ఆరో తీగ మొదటి ఫ్రెట్‌లో (గిటారు మెడ మీది మెట్టులో) చూపుడు వేలు, ఐదో నాలుగో తీగల మూడో ఫ్రెట్‌లో ఉంగరం వేలు, చిటికెన వేలు పెట్టు చాలన్నారు, పైగా అదే ఆకారాన్ని రెండు ఫ్రెట్లు జరిపితే జీ, ఇంకో రెండు జరిపితే ఏ. ఆ జరపడంలోనే నాకు మూడేళ్లు గడిచిపోయాయి.

డిస్టార్షన్‌లో, అంటే ఎలక్ట్రిక్ గిటారు శబ్దాన్ని కావాలని గరగరలాడించడంలో, మీకు ఎదురులేదు, ఒప్పుకుంటాను. పూర్తి మేజర్ కార్డ్ వాయిస్తే ఆ స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి రొదైపోతాయి. మీ స, ప ల నిష్పత్తి 2:3 కాబట్టి వాటి రాపిడిలో పుట్టే అదనపు స్వరం కూడా కింది స్థాయి స, అంటే మీ ఇంటి మనిషే. 1964లో బ్రిటిష్ రాక్ బృందం కింక్స్ గిటారిస్టు డేవ్ డేవిస్ ఆ గరగర కోసం ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) స్పీకర్‌ని బ్లేడుతో కోశాడు. మా పక్కింటాయన కూడా నా స్పీకర్ కోద్దామనే చూశాడు, కారణం వేరు. బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని మీతోనే హెవీ మెటల్ సంగీతానికి పునాది వేశాడు. పది వేళ్లూ భద్రంగా ఉన్న నేను మీతో ఏం కట్టానని అడక్కండి.

మొన్న సంక్రాంతికి ఊళ్లో అందరూ వసారాలో కూర్చుని "ఏదైనా వాయించరా" అన్నారు. ఆంప్ లేదు, మామూలు గిటారు. కళ్లు మూసుకుని తలాడిస్తూ ఐదు నిమిషాలు మిమ్మల్నే బాదాను. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మా అమ్మమ్మ ఒక్కతే చివరిదాకా ఓపిగ్గా విని, "శ్రుతి కుదిరింది నాన్నా, ఇక పాట ఎత్తుకో" అంది.

ఇట్లు,
ఇప్పటికీ ఎఫ్ రాని మీ బాధితుడు