కన్సోల్ కొన్నవాడు తెలివితక్కువవాడేనా? ఆ ఆరు పాయింట్లకు ఒక పీసీ ఆటగాడి జవాబు

గేమింగ్ గురించి మాట్లాడుకునే చోటల్లా ఒక పోస్టు తిరుగుతూ ఉంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒక్కటే: "తెలిసినవాడు పీసీ కొంటాడు, తెలియనివాడు కన్సోల్ కొంటాడు." కన్సోల్ అంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి, టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె. దాని కింద ఆరు కారణాలు. కన్సోల్ ధరకే రెట్టింపు పవర్ ఉన్న పీసీ వస్తుంది. కన్సోల్ లోపల ఉండేది పాత పీసీయే. పీసీలో ఆన్‌లైన్ ఉచితం, ఆటలు చవక. మౌస్ ముందు కంట్రోలర్ నిలవదు. ఎలాగూ అన్ని ఆటలూ పీసీకి వస్తాయి. పీసీలో కొన్న ఆట జీవితాంతం మీదే.

నేను పదిహేనేళ్లుగా పీసీ మీదే ఆడుతున్నాను కాబట్టి ఇది కన్సోల్ వాళ్ల తరఫున పుచ్చుకున్న వకాల్తా కాదు. మనవాళ్లే తప్పుడు లెక్క చెబుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను. ఆ ఆరింటిలో ఒకటిన్నర నిజం. మిగతా వాటిలో అసలు సంగతి ఒకటి ఎగిరిపోయింది. ఆట సరిగ్గా నడవాలంటే ఎవరో ఒకరు దాన్ని ఆ మెషీన్‌కు సర్దాలి. కన్సోల్‌లో ఆ పని ఆట తయారుచేసినవాళ్లు చేసి పంపిస్తారు. పీసీలో చాలావరకు మన నెత్తిన పడుతుంది.

ముందు డబ్బు సంగతి. ఈ పోస్టుతో పాటు తరచూ ఒక విడిభాగాల జాబితా కూడా వస్తుంది. కాస్త నిదానంగా చూడండి, అందులో మానిటర్ ఉండదు, కీబోర్డు, మౌస్ ఉండవు, విండోస్ ఖర్చు ఉండదు. గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌ది. ఇన్ని తీసేస్తే ఏ లెక్కయినా కుదురుతుంది. కన్సోల్ చవగ్గా రావడానికి వేరే కారణం ఉంది. మెషీన్ మీద కంపెనీలు లాభం పెద్దగా చూసుకోవు, ఒక్కోసారి నష్టానికే అమ్ముతాయి. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 అలాగే వచ్చింది. పెట్టిన డబ్బు తర్వాత ఆటల అమ్మకాల మీద కమీషన్‌గా రాబట్టుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డు అమ్మేవాడికి ఆ దారి లేదు, లాభమంతా ఆ కార్డు మీదే రావాలి. అందుకే కన్సోల్ కొత్తగా వచ్చిన రోజుల్లో అదే ధరకు అంత పవర్ ఉన్న కొత్త పీసీ కట్టడం దాదాపు అసాధ్యం. రెట్టింపు మాట దేవుడెరుగు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. పైగా మునుపు కన్సోళ్లు పాతబడేకొద్దీ ధర దిగేది, ఈ తరంలో అది తిరగబడింది. 2022 ఆగస్టులో సోనీ చాలా దేశాల్లో ప్లేస్టేషన్ 5 ధర పెంచింది. ఇంట్లో పని కోసం ఇప్పటికే మంచి డెస్క్‌టాప్ ఉండి, కార్డు ఒక్కటే కొనాల్సిన మనిషి లెక్క కూడా వేరు. పోస్టు రాసినాయన ఈ మాట చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ని.

రెండోది, "లోపల ఉండేది పాత పీసీయే". మాట నిజమే, దాని నుంచి తేల్చింది మాత్రం తప్పు. 2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింట్లోనూ చిప్ కంపెనీ ఏఎండీ వాళ్ల జెన్ 2 కోర్లు, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, ఎనిమిది ఉంటాయి. గ్రాఫిక్స్ కూడా అదే కంపెనీవి. వాటికి ముందు, 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 పరిస్థితి ఇంకా కనాకష్టం. దాని ప్రాసెసర్‌లోని జాగ్వార్ కోర్లు తక్కువ కరెంటుతో నడిచే చిన్న ల్యాప్‌టాప్‌ల కోసం పుట్టినవి. అలాంటి మెషీన్ మీదే 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నడిచింది, 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 నడిచింది. ఆ కోర్లున్న ల్యాప్‌టాప్ మీద వాటిలో ఏదైనా ఆడి చూపించమనండి.

ఎలా నడిచాయంటే, తయారుచేసేవాళ్ల ముందు ఉన్నది ఒకే పెట్టె. దాని మెమరీ ఎంతో, డిస్క్ వేగం ఎంతో, గ్రాఫిక్స్ చిప్‌కు ఏది చేతనవుతుందో వాళ్లకు అణువణువూ తెలుసు. షేడర్ల సంగతే తీసుకోండి. వెలుగు ఎక్కడ పడాలి, నీళ్లు ఎలా మెరవాలి అని గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములవి. వాటిని ఆ చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చాలి, అంటే కంపైల్ చేయాలి. కన్సోల్‌లో ఉండేది ఒకే చిప్ కాబట్టి ఆ పని స్టూడియోలోనే పూర్తి చేసి ఆటతో పాటు పంపేస్తారు. పీసీల్లో వందల రకాల కార్డులు, ఒక్కోదానికి లెక్కలేనన్ని డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) వెర్షన్లు. ముందే అన్నిటికీ చేసి పంపడం కుదరదు, అందుకని మీ ఇంట్లో మీ మెషీనే చేసుకోవాలి. అది అయితే ఆట మొదలయ్యే ముందు నిమిషాల తరబడి నిండే గీతలా కనిపిస్తుంది, లేదంటే సరిగ్గా శత్రువు మీదికి దూకే క్షణంలో బొమ్మ టక్కున ఆగి కదులుతుంది. ఆ కుదుపు తగ్గించడానికి ఎన్ని సాయంత్రాలు సెట్టింగుల్లో గడిపానో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. ఒక్కోసారి ఆడింది రెండు గంటలు, సర్దింది మూడు గంటలు.

ఇది పవర్ సమస్య కాదనడానికి స్టీమ్ డెక్ సాక్ష్యం. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఈ చేతి మెషీన్ అసలుకు పీసీయే, బలం కూడా అంతంతమాత్రమే. కానీ అందులో ఉండేది ఒకే చిప్, కాబట్టి దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ షేడర్లను ముందే కంపైల్ చేసి పంపగలుగుతోంది. అదే నెలలో వచ్చిన ఎల్డెన్ రింగ్ పెద్ద పెద్ద విండోస్ పీసీల మీద కుదుపులతో విసిగిస్తుంటే ఈ బుల్లి పెట్టెలో ఆ బాధ తక్కువగా ఉండింది.

కన్సోల్‌లో అన్నీ నున్నగా నడుస్తాయని దీనర్థం కాదు. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 ప్లేస్టేషన్ 4 మీద ఎంత ఘోరంగా నడిచిందంటే, సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. పీసీ వైపు 2015 జూన్‌లో బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ నైట్‌కూ అదే గతి పట్టింది, అమ్మకం ఆపి అక్టోబర్‌లో మళ్లీ తెచ్చారు. ఫ్రేముల విషయంలోనూ, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మల విషయంలోనూ, కన్సోల్‌ను వెనకేసుకురాలేను. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు, 60 అయితే దాదాపు 17. ఆ తేడా కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. చాలా కన్సోల్ ఆటలు బొమ్మ అందం కావాలా, వేగం కావాలా అని అడిగి ఊరుకుంటాయి. పీసీలో ఆ బేరం మన చేతుల్లో ఉంటుంది. అయితే ఎవరి పీసీలో? పోస్టులో ఫొటో పెట్టింది ఆర్‌టీఎక్స్ 4090 అనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుది. ఆ కార్డు ఒక్కటే 450 వాట్లు తాగుతుంది, ప్లేస్టేషన్ 5 మొత్తం పెట్టె ఆటలో లాగేది సుమారు 200. స్టీమ్ అనే పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం చేసే సర్వేల్లో 2022 చివరి వరకు ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉన్నది జీటీఎక్స్ 1060 అనే మధ్యతరగతి కార్డు. ఎక్కువమంది ఇప్పటికీ వాడేది 1080పి తెర. పోల్చాలంటే దానితో పోల్చండి.

మూడోది ఆన్‌లైన్, చవక ఆటలు. నేను నిజమన్న ఒకటి ఇదే. ప్లేస్టేషన్ 3లో ఉచితంగా ఉన్న ఆన్‌లైన్ ఆటకు ప్లేస్టేషన్ 4 నుంచి చందా పెట్టారు. ఇంటర్నెట్‌కు డబ్బు కట్టాక కూడా తోటివాళ్లతో ఆడటానికి మళ్లీ డబ్బేమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు చందా అక్కర్లేదు, ఎక్స్‌బాక్స్ కూడా 2021 ఏప్రిల్‌లో ఆ షరతు ఎత్తేసింది. అంతవరకే ఊరట. పీసీలో దుకాణాల మధ్య పోటీ ఉంది, డిస్కౌంట్లు ఉన్నాయి, 2018 చివర్లో మొదలైన ఎపిక్ స్టోర్ ఉచితంగా ఆటలు ఇస్తూనే ఉంది. పోస్టు చెప్పనిదల్లా డిస్కు సంగతి. కన్సోల్ డిస్కు ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, పాతది సగం ధరకు కొనొచ్చు. పీసీలో ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. 2013 జూన్‌లో ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కులకు ఆంక్షలు, రోజుకోసారి ఆన్‌లైన్ తనిఖీ పెడతామని మైక్రోసాఫ్ట్ అంటే జనం ఎంత గోల చేశారంటే, రెండు వారాల్లోపే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఆ డిస్కే కనుమరుగవుతోంది. 2024 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవ్ లేదు, విడిగా కొనుక్కోవాలి.

మౌస్, కంట్రోలర్ గొడవ గురించి ఎక్కువ చెప్పను. తుపాకీ ఆటల్లో మౌసే మేలు. కార్లు, ఫుట్‌బాల్, ఫైటింగ్ ఆటల్లో కీబోర్డు పట్టుకుని ఓడిపోయి ఆట బాగాలేదనడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. అయినా కంట్రోలర్ పీసీకీ తగిలించుకోవచ్చు, ఇది మెషీన్ల తేడాయే కాదు.

"అన్ని ఆటలూ పీసీకి వస్తాయి." ఎప్పుడు వస్తాయి? జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్‌లో వచ్చింది, పీసీకి 2015 ఏప్రిల్‌లో. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ పీసీకి వచ్చేసరికి 2022 జనవరి అయింది. జీటీఏ 6నూ మొదట కన్సోళ్లకే ప్రకటించారు. ఇక కన్సోల్ కంపెనీ నింటెండో అయితే తన మారియో, జెల్డా ఆటలను పీసీ గడప తొక్కనివ్వదు. ఓపిక ఉన్నవాడికి ఇదేం లోటు కాదు. కానీ స్నేహితులంతా ఇవాళ ఆడుతుంటే రెండేళ్లు ఆగమనడం జవాబు కాదు. విచిత్రమేమిటంటే ఇక్కడ పీసీకి అసలు బలమైన వాదన ఉంది, పోస్టు దాన్నే వదిలేసింది. కొన్ని ఆటలు పీసీలో తప్ప పుట్టేవే కావు. కౌంటర్ స్ట్రైక్ మొదట హాఫ్ లైఫ్ ఆటకు ఆటగాళ్లు చేసుకున్న మాడ్, అంటే ఉన్న ఆటనే మార్చి చేసుకున్న కొత్త రూపం. డోటా అయితే వార్‌క్రాఫ్ట్ 3 మీద అభిమానులు గీసుకున్న మ్యాప్. మూసి ఉన్న పెట్టెలో ఇవి మొలకెత్తేవి కావు.

చివరిది, "జీవితాంతం మీదే". స్టీమ్‌లో మనం కొనేది ఆట కాదు, లైసెన్సు. 2024 అక్టోబర్ నుంచి డబ్బు కట్టే పేజీలోనే ఆ మాట రాసి పెట్టారు. ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024లో ఆపేస్తే పీసీ వాళ్లకూ కన్సోల్ వాళ్లకూ, డిస్కు చేతిలో ఉన్నవాళ్లకూ కూడా ఆట పోయింది. కాపీ తాళం లేని ఫైళ్లు ఇచ్చే జీఓజీ లాంటి ఆన్‌లైన్ దుకాణంలో కొంటే కొంత నయం. నింటెండో 2023 మార్చిలో తన పాత మెషీన్లు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ స్టోర్లు మూసేసింది, అంటే కన్సోల్ వైపూ గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునే పరిస్థితి లేదు.

పాత ఆటల దగ్గరే ఆ మిగిలిన సగం నిజం ఉంది. 2000 తొలినాళ్ల పీసీ సీడీలు చాలావాటికి కాపీ చేయకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని ఒప్పుకోవడం మానేసింది. సీడీ మీదే, పెట్టె మీదే, ఆట మాత్రం తెరుచుకోదు. అదే కాలం నాటి ప్లేస్టేషన్ 2 అటక మీద నుంచి దించి డిస్కు పెడితే, లెన్సు పాడవకుండా ఉంటే, ఆట మొదలవుతుంది. ఆ లెన్సు పోయిందంటే ఇంకో పాత పెట్టె వెతుక్కోవాల్సిందే. పీసీలో మాత్రం ఎవరో ఒక అభిమాని కూర్చుని, ఆ తాళం అవసరం లేకుండా ఆట నడిచేలా ప్యాచ్ రాసి పెట్టి ఉంటాడు. దాన్ని వెతికి, ఏ ఫోల్డర్‌లో వేయాలో చదివి, పాత గ్రాఫిక్స్ ఫైలు మార్చి, రెండుసార్లు క్రాష్ అయ్యాక మూడోసారి ఆడుకోవచ్చు. ఆ సాయంత్రం ఖర్చు కూడా పోస్టులోని ధరల పట్టికలో వేయాలి మరి.