బెంచీ మీద నేరం

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఘోరం జరిగిపోయింది. ఆరు నెలల విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన మా బాబాయి, పార్కులో ఒక నల్లజాతి పెద్దాయనతో స్నేహం చేశాడు. అదీ, ఇంట్లో ఎవర్నీ అడక్కుండా.

వెంటనే విచారణ మొదలైంది. లేఆఫుల సీజన్లో కూడా ల్యాప్‌టాప్ మూయని కొడుకు మూసి మరీ వచ్చి కూర్చున్నాడు.

"ఎవరు నాన్నా ఆయన?"

"రిటైరైన బస్సు డ్రైవర్రా. డెబ్బై రెండేళ్లు. ఆయనది ఎడమ మోకాలు, నాది కుడి."

"అది కాదు, బ్యాక్‌గ్రౌండ్ ఏంటి?"

"వెనకాల చెరువుంది."

కోడలికి టెన్షన్. "అంతసేపు ఏం మాట్లాడుకుంటారు మావయ్యా?"

ఏముంటాయి? బీపీ, షుగరు, ఫోనెత్తని పిల్లలు. బాబాయి ఇంగ్లీషు ఆయనకీ, ఆయన టెక్సాస్ యాస బాబాయికీ సగమే అర్థమవుతాయి. సగం చాలా ఎక్కువ. పిన్నితో నలభై ఏళ్ల కాపురం అంతకన్నా తక్కువలోనే నెట్టుకొచ్చాడు.

ఆఖరికి ఆవకాయ సీసా ఒకటి లెక్క తగ్గిందని తేలింది. "ఆవకాయ దాకా వచ్చిందా!" అని కోడలు సోఫాలో కూలబడింది.

ఈ కొడుకు అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లు. స్నేహితులంతా ఒకే కాలేజీ, ఒకే కులం, ఒకే వాట్సాప్ గ్రూపు. అందులో 'నల్లోళ్లతో జాగ్రత్త' అని గుడ్ మార్నింగ్‌లాగా రోజూ ఒక మెసేజ్.

సరే, జాగ్రత్త సంగతే చూద్దాం. 2015 ఫిబ్రవరి, అలబామాలోని మాడిసన్. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల తాత, కొడుకింటి వీధిలో నడుస్తున్నాడు. 'ఎవరో బక్క నల్లవాడు తిరుగుతున్నాడు' అని పోలీసులకు ఫోన్ వెళ్లింది. పోలీసు ఆయన్ని నేలకేసి కొడితే మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆ ఫోన్ చేసినవాడి కంటికి మీ నాన్న ఏ రంగులో కనిపిస్తాడు నాయనా? నువ్వు రాసుకున్న ఫెయిర్‌నెస్ క్రీములు అక్కడ పనిచేస్తాయా? 1946 అమెరికా వలస చట్టం మన ఇండియన్లకిచ్చిన కోటా ఏడాదికి 100 మంది. నల్లవాళ్లు నడివీధుల్లో లాఠీలు తిని, జైళ్లకెళ్లి 1964లో పౌరహక్కుల చట్టం సాధిస్తే, ఆ ఊపులోనే ఆ పాత కోటాలు ఎత్తేసిన 1965 వలస చట్టం వచ్చింది. ఆ తలుపులోంచి లోపలికొచ్చి, తీసినవాడినే చూసి తలుపేసుకుంటావా? సిగ్గులేదూ?

తీర్పు వచ్చింది. ఫోన్లో లొకేషన్ షేరింగ్ ఆన్ చేస్తేనే వాకింగ్. పొద్దున్నే రెండు గంటలపాటు నీలం చుక్క బెంచీ మీద నుంచి కదలదు. ఆఫీసు మీటింగుల్లో కొడుకు చూపు దాని మీదే.

బాబాయి మొన్న ఇంకో సంగతి మోసుకొచ్చాడు. పెద్దాయన ఇంట్లోనూ మీటింగ్ అయిందట. కూతురు నిలదీసిందట: "ఎవరు నాన్నా ఆ ఇండియను? నీకేం అంటగడుతున్నాడు?"

ఆవకాయ సీసా చూపించాడట.