మచ్చ కనపడగానే టీబీ మందులా?

"ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చ ఉంటే ఆర్నెల్లు టీబీ మందులు వాడాల్సిందే" అని ఒక వ్యాసంలో తేల్చేశారు. అది సరికాదండీ. రిపోర్టులో ఫైబ్రోసిస్ (మానిన చోట గట్టిపడిన కణజాలం) అనో, కాల్సిఫైడ్ గ్రాన్యులోమా (సున్నం పేరుకున్న చిన్న గడ్డ) అనో ఉంటే చాలావరకు అది ఎప్పుడో మానిపోయిన జబ్బు గుర్తే. అలాగని ఒక్క ఫిల్మ్ చూసి ఖాయంగా చెప్పలేరు. పాత ఎక్స్‌రే ఉంటే వెతికి పట్టుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆర్నెల్లకు పైగా మచ్చ మారకపోతే కొంత ధైర్యం.

తేల్చాల్సింది కళ్లె పరీక్ష. రెండు శాంపిళ్లు, ఒకటి తెల్లారి లేవగానే. నీళ్లతో నోరు పుక్కిలించి, లోపల్నించి దగ్గి తీయాలి. ఉత్త ఉమ్మి ఇస్తే జబ్బున్నా నెగటివ్ రావచ్చు. కళ్లెలో టీబీ క్రిమి డీఎన్‌ఏను పట్టే ట్రూనాట్, సీబీనాట్ పరీక్షలు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. తిరకాసు ఎక్కడంటే, ముందు టీబీ మందులు వాడినవాళ్లకు చచ్చిన క్రిముల డీఎన్‌ఏ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. అప్పుడు కళ్లెలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షే దిక్కు, ఆరు వారాల దాకా ఆగాలి. ఈలోగా మెడికల్ షాపులో అడిగి లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మింగొద్దు. అది టీబీ క్రిమినీ కొంత అణిచి పరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది.

చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకల పని చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా ఊపిరితిత్తుల పైభాగంలోనే మచ్చలు వేస్తుంది, పైగా టీబీ ముప్పునూ పెంచుతుంది. రెండూ కలిసి ఉండొచ్చు.

దగ్గులో నెత్తురు పడితే మాత్రం పాత మచ్చే కదా అని ఊరుకోవద్దు. పాత టీబీ ఊపిరితిత్తిలో మిగిల్చిన గుంతలో ఫంగస్ పెరిగినా నెత్తురు పడుతుంది. కళ్లె నెగటివ్ వస్తే సీటీ స్కాన్ గురించి అడగండి.